కవలల కాన్పు కోసం చీటీ పాడేయాలా?

ప్రశ్న: మాది నర్సీపట్నం. నా భార్యకు ఏడో నెల, కవలలు. నెలలు నిండకముందే కాన్పు కావచ్చని, పిల్లలను విశాఖపట్నంలోని ఎన్‌ఐసీయూకు (నవజాత శిశువుల అత్యవసర చికిత్స విభాగానికి) తరలించాల్సి రావచ్చని డాక్టరు చెప్పారు. నా జీతం 38 వేలు. సొంతంగా తీసుకున్న 5 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ (కుటుంబమంతటికీ కలిపి ఒకే) ఆరోగ్య బీమా పాలసీ, బ్యాంకులో 90 వేలు, కొంత బంగారం, సగం కట్టిన చీటీ ఉన్నాయి. అంబులెన్సుకు, ఆస్పత్రి అడ్వాన్సుకు చీటీ పాడేయమంటారా?

జవాబు: ఇప్పుడే పాడవద్దు. అవసరం వస్తుందో రాదో తెలియకముందే పాటలో పోయే సొమ్ము మాత్రం ఖాయంగా పోతుంది. మీ 90 వేలలో మొదటి భాగాన్ని అంబులెన్సుకు కాకుండా, కాన్పుకు ముందే మీ శ్రీమతిని విశాఖ చేర్చడానికి కేటాయించండి. నెలలు నిండని బిడ్డకు ప్రయాణంలో ఒళ్లు చల్లబడడం, రక్తంలో చక్కెర పడిపోవడం, ఊపిరి తడబడడం వంటి ప్రమాదాలుంటాయి. తల్లి కడుపులో ఉండగా చేసే ప్రయాణమే బిడ్డకు అన్నిటికన్నా క్షేమం. డాక్టరు చెప్పిన వారం నుంచి ఎన్‌ఐసీయూ ఉన్న ఆస్పత్రి దగ్గర గది అద్దెకు తీసుకుంటే, ఆ అద్దె ప్రైవేటు ఎన్‌ఐసీయూ బిల్లు ముందు చాలా చిన్నది.

పాలసీని నమ్ముకునే ముందు దాని పత్రంలో నవజాత శిశువు గురించిన భాగం తప్పక చదవండి. సొంతంగా తీసుకునే చాలా పాలసీల్లో బిడ్డకు 90 రోజులు నిండాకే రక్షణ మొదలవుతుంది. ప్రసూతి కవరేజీ ఉన్నా దానికి వేచి ఉండాల్సిన కాలం ఉంటుంది. ఏజెంటు నోటిమాటతో సరిపెట్టుకోకుండా కంపెనీ నుంచి ఈమెయిల్‌లో జవాబు తెప్పించుకోండి. మీ ఉద్యోగంలో సంస్థ తీసుకున్న గ్రూప్ బీమా పాలసీ కూడా ఉంటే, పుట్టిన రోజు నుంచే పిల్లలకు వర్తిస్తుందేమో ఇప్పుడే అడగండి. అంబులెన్సుకు చాలా పాలసీలు ఇచ్చేది కొన్ని వేలే. ఇంక్యుబేటరు, వెంటిలేటరు, శిక్షణ పొందిన నర్సు ఉన్న వాహనానికి అది చాలకపోవచ్చు. పైగా మీకు ఇద్దరు పిల్లలు కాబట్టి రెండు ఇంక్యుబేటర్లు పడతాయా, రెండో వాహనం కావాలా అన్నది ముందే కనుక్కోవాలి.

ఉచితంగా దొరికేవీ ఉన్నాయి. 108 సేవకు డబ్బు కట్టనక్కర్లేదు. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆస్పత్రుల్లో జబ్బుపడిన నవజాత శిశువుకు చికిత్స, ఒక ఆస్పత్రి నుంచి మరో ఆస్పత్రికి తరలింపు, తిరిగి ఇంటికి చేర్చడం, అన్నీ ఉచితం. విశాఖలోని ప్రభుత్వ ఆస్పత్రి అయిన కింగ్ జార్జ్ ఆస్పత్రికి వెళ్లే పక్షంలో ఇది మీ హక్కు. రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకమైన ఎన్టీఆర్ వైద్య సేవకు మీకు అర్హత ఉందేమో సచివాలయంలో ఈ వారమే అడిగి తెలుసుకోండి.

మిగిలిన డబ్బును సేవింగ్స్ ఖాతాలోనే ఉంచి, 15 వేలు నగదుగా ఇంట్లో పెట్టుకోండి. యూపీఐలో మామూలు చెల్లింపులకు రోజుకు లక్ష రూపాయలే పరిమితి. కొన్ని బ్యాంకులు అంతకన్నా తక్కువే పెడతాయి కనుక మీ పరిమితి ఎంతో చూసుకోండి. బ్యాంకులో ఉన్నదానికి మించి అవసరమైతే బంగారంపై రుణం సాధారణంగా ఆ రోజే దొరుకుతుంది. అదీ చాలకపోతే అప్పుడు చీటీ సంగతి ఆలోచించవచ్చు. నగల లాకరు తల్లి ఒక్కరి పేరు మీదే ఉండి, ఆమె ఆపరేషన్ థియేటర్‌లో ఉన్న సమయంలో దిక్కుతోచక తిరిగిన కుటుంబాన్ని నేను చూశాను. మీ లాకరు కూడా ఆమె పేరు మీదే ఉంటే, ఆమె ప్రయాణం చేయగలిగిన ఈ రోజుల్లోనే మీ పేరునూ చేర్పించండి.