కొత్త ఇల్లు మన ఇల్లు అనిపించాలంటే ఏం చేయాలి? అనంతపురంలో మేం చేసింది చెప్తాను

అక్కా, కర్నూలులో ఇల్లు కట్టి గృహప్రవేశం చేసి మూడు నెలలైందని, అంతా తెల్లగా నున్నగా ఉందే గానీ లాడ్జి గదిలో దిగినట్టుందని, ఇంటీరియర్ వాళ్ల కొటేషన్ చూస్తే టెన్షన్ వస్తోందని రాశారు కదా, మాకూ అచ్చం ఇట్లాగే అయింది. అనంతపురంలో మేం ఇల్లు కట్టి నాలుగేళ్లు. మొదటి ఆరు నెలలు అమ్మ వచ్చినప్పుడల్లా హాల్లో సోఫా అంచున కూర్చుని, సాయంత్రానికి ఊరికి బస్సెక్కుతాననేది. ఇప్పుడు నెలల తరబడి ఉంటుంది. మధ్యలో ఏం మారిందో అదే చెప్తాను.

ముందు ఒక మాట. ఇప్పుడప్పుడే గోడల మీద ఏమీ అంటించొద్దు. కొత్త గోడల్లో నీళ్లు ఇంకా ఉంటాయి, ఇటుకా సిమెంటూ పూర్తిగా ఆరడానికి నెలలు పడుతుంది. మేం ఆగలేదు. ఒక ఇంటీరియర్ ఆయన మాట విని గృహప్రవేశం లోపే టీవీ గోడకు వాల్‌పేపర్ వేయించాం, మొదటి వానలకే కింద అంచు లేచి వెనకంతా తెల్లగా ఉప్పు పొంగింది. అడిగితే ఫోన్ ఎత్తలేదు. నలభై వేలు పోయాయి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం ఆ ఇంట్లో ఉండి చూడండి. పొద్దున ఎండ ఏ కిటికీలోంచి వస్తుంది, ఏప్రిల్‌లో ఏ గోడ కాలిపోతుంది, ఇంటికొచ్చిన వాళ్లు అడక్కుండానే ఎక్కడ కూర్చుంటారు, ఇవి తెలిశాకే డబ్బు తీయండి.

మా ఇంటికి ప్రాణం తెచ్చింది ఒక పాత తలుపు. ఊర్లో మాది చౌడు మిద్దె, అంటే కప్పు మీద చౌడు మట్టి పరిచిన ఇల్లు. ఏటా వానలకు ముందు పైన చౌడు పోసి సర్దాలి, నాయనకు చేతకాకుండా అయ్యాక ఒక పక్క కుంగడం మొదలైంది, పడగొట్టించాం. తలవాకిలి రెక్కలు రెండూ చిన్నాయన కొట్టంలో గడ్డి పక్కన నిలబెట్టి ఉంచాడు, ఎవరో కొంటామంటే కూడా ఇవ్వలేదు. వాటిని తెచ్చి కొత్త ఇంటి ముందు పెడదామనుకుంటే కుదర్లేదు, అవి ఐదున్నర అడుగులే, ఇప్పటి ద్వారాలు ఏడడుగులు. అందుకని పూజగదికి పెట్టించాం, పైన మిగిలిన చోట చెక్క చట్రం కట్టి గంటలు వేలాడదీశాం. వడ్రంగి గీకుతుంటే పైన ఆకుపచ్చ రంగు, దాని కింద నీలం, దాని కింద జాజు, అంటే ఎర్రమట్టి రంగు, ఆ తర్వాత వేపచెక్క బయటపడింది. గొలుసు వేసే చోట చెక్కలో నెలవంకలాగా ఒక గాడి ఉంది. తలుపు తీసినప్పుడల్లా గొలుసు అటూ ఇటూ ఊగి ఊగి కోసిన గాడి అది. వడ్రంగి పుట్టీ పెట్టి పూడుస్తానన్నాడు. అమ్మ దగ్గరకెళ్లి ఆ గాడిలో వేలు పెట్టి చూసి, ‘మీ అవ్వ తీసిన గొలుసురా ఇది, ముట్టుకోవద్దని చెప్పు’ అంది. అట్లాగే ఉంచాం. గీకడం, బిగించడం, అవిసె నూనె పట్టించడం అంతా కలిపి పదకొండు వేలైంది. కొత్త ఇంట్లో మేం పెట్టిన డబ్బులో నాకు అన్నిటికంటే నచ్చిన ఖర్చు అదే.

పాత చెక్క తెచ్చేటప్పుడు మాత్రం జాగ్రత్త. వేలితో తట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే లోపల చెదలు తినేసినట్టే. బాగున్నా సరే, బయటే కొన్నాళ్లు ఎండబెట్టి, చెదల మందు కొట్టించాకే లోపలికి తేవాలి, లేకపోతే కొత్త వార్డ్‌రోబులు కూడా పోతాయి.

రెండోది రాయి. మనం ఉండేది బండల దేశం, మాకు తాడిపత్రి బండలు, మీకు బేతంచెర్ల బండలు దగ్గర, కడప నల్లబండ సంగతి చెప్పనే అక్కర్లేదు. అయినా అందరం గుజరాత్ నుంచి వచ్చే మెరిసే టైల్స్ వేయించుకుంటాం. లోపల వేశారు కాబట్టి దాన్ని పగలగొట్టమనను. ఇంటి ముందు మాత్రం చూడండి. మా వాకిట్లో కూడా నున్నటి టైల్స్ ఉండేవి, ముగ్గుపిండి నిలిచేది కాదు, గాలికి జారిపోయేది, తడి కాలు పెడితే జారేవాళ్లం. అవి తీసేసి పాలిష్ లేని గరుకు బండలు పరిపించాం. గేటు పక్కన అరుగు కట్టించాం, మా అవ్వ దాన్ని జగిలి అనేది. అడుగున్నర ఎత్తు, రెండడుగుల వెడల్పు, పైన ఒకే బండ. కరెంటు పోయిన రాత్రుల్లో ఇరుగుపొరుగు వచ్చి కూర్చునేది అక్కడే, నాయన పేపర్ చదివేదీ అక్కడే. కాంపౌండ్ లోపల మూడడుగుల చోటున్నా కట్టించండి.

ఒకటి గుర్తుపెట్టుకోండి, ఈ బండలన్నీ సున్నపురాయి జాతివి. నిమ్మరసం, చింతపండు పులుసు, బాత్రూమ్ కడిగే యాసిడ్ ఏది పడినా తెల్లటి మచ్చ పడుతుంది, అది మురికి కాదు కాబట్టి తోమితే పోదు, ఆ చోట రాయే తినేసి ఉంటుంది. వంటింటి గట్టుకు వేయిస్తే ఈ సంగతి తెలిసే వేయించండి. ఎండలో ఉన్న నల్లబండ కొన్నాళ్లకు బూడిద రంగుకు తిరుగుతుంది, నాకు ఆ రంగే ఇష్టం.

హాల్లో పెద్ద ఖాళీ గోడ ఉందని రాశారు. అంగట్లో దొరికే బుద్ధుడి బొమ్మ తెచ్చి పెట్టొద్దు దయచేసి, అది ఎవరి ఇంట్లో అయినా ఉండేదే. అమ్మ పెళ్లినాటి ధర్మవరం చీర మడతల దగ్గర చిరిగిపోయి బీరువా అడుగున పడి ఉంది, కట్టడానికి పనికిరాదు, పారేయడానికి మనసొప్పదు. దాని పైటకొంగు, ఒక పక్క అంచు తీసి అద్దం వేసి ఫ్రేము కట్టించాం. ఫ్రేము కట్టే అతను జిగురు పెట్టబోతే వద్దని ఆపి, తెల్ల నూలుగుడ్డ మీద అమ్మే సన్నటి కుట్లతో కుట్టింది. జిగురు పెడితే కొన్నాళ్లకు పట్టు మీద మరకలొస్తాయి. నేరుగా ఎండ పడని గోడకే తగిలించండి, లేకపోతే రంగు వెలిసిపోతుంది.

దాని పక్కన వెలిగేది నిమ్మలకుంట దీపం. ధర్మవరం దగ్గరి ఊరు అది, తోలుబొమ్మలాట ఆడే కుటుంబాలు మేకతోలు మీద బొమ్మలు గీసి, ఉలితో చిల్లులు కొట్టి, లాంప్‌షేడ్లు కూడా చేస్తారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. పగలు చూస్తే మామూలుగానే ఉంటుంది, రాత్రి లోపల బల్బు వెలిగితే తోలులోంచి ఎరుపు, ఆకుపచ్చ రంగులు గోడ మీదికి వస్తాయి, మా చిన్నది ఆ నీడల్లో హనుమంతుణ్ని వెతుక్కుంటుంది. తక్కువ వాట్ల ఎల్‌ఈడీ బల్బే పెట్టండి, వేడికీ తడికీ తోలు ముడుచుకుపోతుంది. వీలైతే ఆ ఊరికే వెళ్లి కొనండి, గీస్తుంటే పక్కన కూర్చుని చూసి తెచ్చుకున్నది వేరే.

రంగుల విషయానికి వస్తే షేడ్ కార్డు చూసి నిర్ణయించొద్దు. చిన్న డబ్బా తెచ్చి గోడ మీద రెండడుగుల మేర వేసి, పొద్దున, మిట్టమధ్యాహ్నం, రాత్రి లైటు కింద చూడండి. మేం అన్ని గోడలూ తెల్లగానే ఉంచి, వరండా గోడకు కింద మూడడుగులు మాత్రం జాజు రంగు వేయించాం, ఊరి ఇళ్లకు ఉండేట్టు. మొక్కలకు లాన్ జోలికి పోవద్దు, మన నీళ్లకు నిలవదు. కాగితంపూలు, గన్నేరు, ఒక మల్లెతీగ చాలు. ఇంట్లో చిన్నపిల్లలుంటే గన్నేరు వద్దు, అది విషం.

ఇంటీరియర్ వాళ్లకు అడ్వాన్స్ ఇచ్చేముందు ఒక ఆదివారం మీ అమ్మగారి ఊరికో అత్తగారి ఊరికో వెళ్లి అటక మీద, కొట్టంలో ఏమున్నాయో చూడండి. తిరగలి, ఇత్తడి కొప్పెర, పాత కిటికీ, ఏదైనా సరే. మా పాత ఇంటివే నాలుగు చెక్క దంతెలు, అంటే మిద్దె కప్పు కింద వేసే కర్రలు, మేం వెళ్లేసరికి పొయ్యిలోకి పోయాయి, వారం ముందు వెళ్లుంటే దొరికేవి.