చెన్నై తిరువాన్మియూర్ ఫ్లాట్‌లో అమ్మగారికి వాకర్: బాత్రూమ్, బాల్కనీ గడపలు

అమ్మగారు వాకర్‌తో బాత్రూమ్‌లోకి, బాల్కనీలోకి వెళ్లలేకపోతున్నారని రాశారు కదండీ. ముందు బాత్రూమ్ తలుపు చూడండి. అది లోపలికి తెరుచుకునేదైతే బయటికి తెరుచుకునేలా మార్పించండి. ఆవిడ లోపల జారి తలుపుకి అడ్డంగా పడితే బయటినుంచి ఎవరూ తెరవలేరు. నా దృష్టిలో అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఇదే.

కమోడ్ పక్కన గ్రాబ్ బార్, అంటే పట్టుకుని లేవడానికి గోడకి బిగించే కడ్డీ, పెట్టించండి. 32 నుంచి 38 మిల్లీమీటర్ల లావు ఉండాలి, గోడకీ బార్‌కీ మధ్య అంగుళంన్నర సందు చాలు. అంతకన్నా ఎక్కువుంటే మోచెయ్యి దూరి ఇరుక్కుంటుంది. మామూలు ప్లాస్టిక్ ప్లగ్గులు బోలు ఇటుకలో నిలవవు, మనిషి బరువుకి ఊడొస్తాయి. అలాంటి గోడైతే కెమికల్ యాంకర్లు, అంటే గట్టి జిగురుతో గోడలో అతికించే బోల్టులు, వేయించండి. టవల్ రాడ్‌ని మాత్రం ఆసరాగా వాడనివ్వకండి. సముద్రం దగ్గర కాబట్టి బార్ 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలుదే తీసుకోండి, మామూలు 304 గ్రేడ్‌కి ఉప్పుగాలికి మచ్చలు పడతాయి.

బాల్కనీ గడప 2 అంగుళాలన్నారు. 1:12 వాలుకి, అంటే అంగుళం ఎత్తుకి 12 అంగుళాల పొడవు చొప్పున, 24 అంగుళాల ర్యాంపు కావాలి. గడప కొట్టేయకండి, వానాకాలంలో నీళ్లు హాల్లోకి వస్తాయి. బాల్కనీ నేల హాలుకన్నా కిందికి ఉంటే అటువైపు ర్యాంపు ఇంకా పొడవుండాలి, విడిగా కొలవండి. ర్యాంపు కింద నీళ్లు పోయే దారి వదలడం మర్చిపోవద్దు.