మాజీ క్వార్టర్‌బ్యాక్ ఫ్రెండుని ఇంట్లో పెట్టుకున్న మా చిన్నోడికి

ఒరేయ్ చిన్నోడా,

నీ మెసేజ్ చూశా, ఫోన్లో తేలే విషయం కాదని రాస్తున్నా. నీ కాలేజీ రూమ్మేటు, మనమంతా టీవీ ముందు కూర్చుని గొంతులు పోయేలా అరిచిన కుర్రాడు, టీమ్ వాళ్ళు తీసేశాక ఆస్టిన్లో నీ సోఫా మీద పడుకుంటున్నాడు, మధ్యాహ్నం దాకా లేవడు, భుజం ఆపరేషన్ నాటి నొప్పి మాత్రలు ఇంకా వదల్లేదు, ఏం చెయ్యను బాబాయ్ అన్నావు. నేను ఇక్కడ డీఅడిక్షన్ సెంటర్లలో పనిచేసి రిటైరైనవాణ్ణి, ట్రక్కు డ్రైవర్లనీ చూశా ఆటగాళ్ళనీ చూశా, ఆటగాళ్ళ కేసు కొంచెం వేరేరా.

వాడికి హైస్కూల్ నుంచి ఎన్నింటికి లేవాలో ఏం తినాలో ఏ మీటింగుకి పోవాలో అన్నీ ఎవరో ఒకరు రాసి చేతిలో పెట్టారు. పైగా అమెరికన్ ఫుట్‌బాల్లో క్వార్టర్‌బ్యాక్ అంటే మన క్రికెట్లో కెప్టెనూ వాడే, ప్రతి బంతీ వేసేదీ వాడే అనుకో. అదంతా ఒక్క ఫోన్ కాల్‌తో ఆగిపోయింది. అందరూ డబ్బు పోయిందని బాధపడతారు గానీ నేను చూసినంతలో ముందు పోయేది టైమ్‌టేబులు. అందుకని నువ్వు వెతకాల్సింది వాడికి పెద్ద అవకాశం కాదు, ఆటోగ్రాఫ్ అడగని మనుషుల మధ్య రోజూ టైముకి వెళ్ళాల్సిన చిన్న పని.

ర్యాన్ లీఫ్ అనే క్వార్టర్‌బ్యాక్ సంగతి నీకు తెలిసే ఉంటుంది, పూర్తిగా తెలీదేమో. ఎన్ఎఫ్ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) టీములు కాలేజీ కుర్రాళ్ళని వరసగా ఎంచుకునే 1998 డ్రాఫ్టులో పేటన్ మానింగ్ మొదటివాడు, ఇతను రెండోవాడు, శాన్ డియాగో చార్జర్స్ తీసుకుంది. మొదటి సీజన్లో స్కోరు తెచ్చిన పాసులు (టచ్‌డౌన్లు) 2, అవతలి టీము చేతికి పోయినవి (ఇంటర్‌సెప్షన్లు) 15, లాకర్ రూములో రిపోర్టర్ మీద అరవడం, 2002కల్లా ఆట అయిపోయింది, అప్పటికి 26 ఏళ్ళు. తర్వాత వెస్ట్ టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీలో కోచింగ్ ఉద్యోగం ఇచ్చారు. అబ్బా, బాగుపడ్డాడు అనుకున్నారంతా. 2008లో ఒక ప్లేయర్ని నొప్పి మాత్రలు అడిగాడని బయటపడి రాజీనామా చేశాడు. 2012లో సొంత రాష్ట్రం మోంటానాలో మాత్రల కోసం ఇళ్ళల్లో దూరి అరెస్టయ్యాడు. జైల్లో తోటి ఖైదీ ఒకడు, యుద్ధానికి వెళ్ళొచ్చిన సైనికుడట, ఊరికే పడుకునే బదులు చదవడం రానివాళ్ళకి నేర్పుదాం రమ్మని లైబ్రరీకి లాక్కెళ్ళాడు, తన జీవితంలో మార్పు అక్కడే మొదలైందని లీఫే చెప్పుకుంటాడు. 2014 డిసెంబర్లో బయటికొచ్చి లాస్ ఏంజెలస్‌లో ఒక రికవరీ సంస్థలో గంటకి 15 డాలర్లకి డ్రైవర్‌గా చేరాడు. కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ చూసినవాడు! కోచ్ పోస్టు చెయ్యలేని పని ఆ డ్రైవరు ఉద్యోగం చేసింది. కాబట్టి మన స్కూల్లో కోచ్‌గా పెట్టిద్దాం అన్న నీ ఐడియా కొన్నాళ్ళు పక్కన పెట్టు, ఆ లాకర్ రూముకీ ఆ మాత్రలకీ దూరం తక్కువ.

మీ ఊరి టెక్సస్ యూనివర్సిటీకి ఆడిన క్వార్టర్‌బ్యాక్ విన్స్ యంగ్ ఉన్నాడుగా. 2006లో కాలేజీ ఛాంపియన్‌షిప్ మ్యాచ్ రోజ్ బౌల్ గెలిపించిన దేవుడు. 2013లో వెనక్కెళ్ళి డిగ్రీ పూర్తి చేశాడు, ఆ పనికి చాలా పెద్ద మనసు కావాలి, నేను ఇప్పటికీ మెచ్చుకుంటా. 2014లో ఐపీ పెట్టాడు, అదే ఏడు యూనివర్సిటీ ఉద్యోగం ఇచ్చింది, 2019లో పని సరిగ్గా చెయ్యట్లేదని తీసేసింది. పేరు చూసి ఇచ్చిన కుర్చీలో నిన్నెవరూ టైముకి ఎందుకు రాలేదని అడగరు, అడిగేసరికి లేటైపోతుంది.

ఇక మాత్రలు. ఇది జాగ్రత్తగా చదువు. ఒక్కసారిగా మానెయ్ అని నువ్వు డబ్బా లాక్కోకు, అడిక్షన్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు, బ్యూప్రెనార్ఫిన్ లాంటి మందులున్నాయి, అవి వాడటం తప్పేం కాదు, ఒక మత్తు బదులు ఇంకోటి అని ఎవడైనా వాగితే వినకు. కొన్నాళ్ళు మానేసి మళ్ళీ పాత డోసే వేసుకుంటే ఒంటికి అలవాటు తప్పిపోయి ఉంటుంది కాబట్టి ప్రాణం పోతుంది, మా దగ్గర చాలామంది అలాగే పోయారు. డోసు ఎక్కువై ఊపిరి ఆగిపోతుంటే ముక్కులో కొట్టే నార్కాన్ స్ప్రే 2023 నుంచి ప్రిస్క్రిప్షన్ లేకుండానే దొరుకుతోంది, ఈ రోజే ఒకటి కొని వంటింట్లో పెట్టు. మర్చిపోతున్నట్టున్నాడు, సీటీఈ (తలకి మళ్ళీ మళ్ళీ దెబ్బలు తగిలి వచ్చే మెదడు జబ్బు) ఏమో అని రాశావు. బతికున్నవాళ్ళలో దాన్ని ఖాయంగా తేల్చే పరీక్ష లేదు, నిద్ర లేకపోయినా డిప్రెషనున్నా అలాగే ఉంటారు, వాటికైతే వైద్యం ఉంది. ఎన్ఎఫ్ఎల్‌లో మూడు సీజన్లు లెక్కకొస్తే పెన్షన్ ఉంటుంది, ప్లేయర్స్ యూనియన్ వాళ్ళ ట్రస్ట్ అని మాజీ ఆటగాళ్ళకి సాయం చేసే ప్రోగ్రాం కూడా ఉంది, వాడిచేతే ఫోన్ చేయించు, నువ్వు చెయ్యకు.

క్యాష్ మాత్రం ఇవ్వకు. అద్దె కట్టు, సరుకులు తెచ్చిపెట్టు, చేతికి డాలర్లు వద్దు. ఆర్ట్ ష్లిక్టర్ అని ఇంకో క్వార్టర్‌బ్యాక్, 1982 డ్రాఫ్టులో నాలుగోవాడు, జూదం పిచ్చి, టికెట్లిప్పిస్తానని జనం దగ్గర డబ్బులు తీసుకుని ఏళ్ళకేళ్ళు జైళ్ళలో గడిపాడు. అప్పుడు పందెం కాయాలంటే బుకీని వెతుక్కోవాలి, ఇప్పుడు జేబులో ఫోనే బుకీ.

వాళ్ళ నాన్న రోజూ ఫోన్ చేసి కెనడా ఫుట్‌బాల్ లీగులో ట్రై చెయ్యమంటున్నాడన్నావు. ఎన్ఎఫ్ఎల్‌లో నిలవలేకపోయిన క్వార్టర్‌బ్యాక్ జానీ మాన్జీల్ 2018లో కెనడా వెళ్ళాడు, 2019లో ఇంకో లీగులో ఆడటానికి మెంఫిస్ వెళ్ళాడు, ఏమైంది? ఆ పెద్దాయనతో గొడవ పెట్టుకోకు గానీ ఆయనతో మాట్లాడాక వాణ్ణి గదిలో ఒంటరిగా వదలకు.

సెప్టెంబర్ నుంచి కష్టం ఎక్కువవుతుంది, శనివారం కాలేజీ మ్యాచులు ఆదివారం ఎన్ఎఫ్ఎల్, ఎక్కడ చూసినా అవే. ఆ రెండు రోజులూ పని షిఫ్టు పడేలా చూడు, షిఫ్టు లేకపోతే ఇద్దరూ డాలస్ వచ్చెయ్యండి. మీ పిన్ని పప్పు చేసి పెడుతుంది, ఇన్నేళ్ళైనా ఆవిడకి టచ్‌డౌన్ అంటే ఏంటో తెలీదు కాబట్టి వాణ్ణి ఏమీ అడగదు.

ఉంటాను,
బాబాయ్