ఎముక అతికినా మంట ఎందుకు?

ప్రశ్న: సంక్రాంతి ముందు గ్యాస్ సిలిండర్ పాదం మీద పడింది. ఎముక అతికిందన్నారు. కానీ రాత్రి దుప్పటి తగిలినా మంట, వేళ్ల దాకా కరెంటు కొట్టినట్టు జివ్వుమంటోంది. కొంచెం వాపూ ఉంది.
– ఓ గృహిణి, ఏలూరు

జవాబు: మీరు చెప్పేది నరం నొప్పిలా ఉందమ్మా. పాదం పైన నరాలు చర్మం కిందే ఉంటాయి, త్వరగా నలుగుతాయి. తెగిన నరం తిరిగి పెరిగేది రోజుకు సుమారు 1 మిల్లీమీటరే. మామూలు నొప్పి మాత్రలు దీనికి అంతగా పనిచేయవు, కడుపులో మంట అదనం. నరం నొప్పికి ఇచ్చే ప్రీగాబలిన్ లాంటి మందులు డాక్టరు రాస్తేనే వాడాలి, మగత వస్తుంది. మంట ఉన్నచోట రోజూ దూదితో, అలవాటయ్యాక తువ్వాలుతో మెల్లగా నిమరండి. పక్కింటివాళ్లు చెప్పే బామ్ మర్దనలు వద్దే వద్దు! చెప్పు పట్టీ అక్కడ ఒత్తుకోకూడదు. షుగర్ ఉన్నా, బి12 విటమిన్ తగ్గినా నరాలు దెబ్బతింటాయి, ఆ పరీక్షలు కూడా చేయించుకోండి. పాదం రంగు మారినా, చెమటలు పట్టినా, వేళ్లు బిగుసుకున్నా వెంటనే ఆర్థోపెడిక్ డాక్టరును కలవండి.