సమాధానం: 97 శాతం స్పందన అంటే 97 శాతం రక్షణ కాదు

ఐఏవీఐ జీ001 అనే హెచ్‌ఐవీ టీకా ప్రయోగంలో టీకా తీసుకున్న 36 మందిలో 35 మందికి స్పందన వచ్చిందని, దాన్ని మీ సెమినార్ పట్టికలో ‘సామర్థ్యం’ గడిలో వేయవచ్చా అని అడిగారు. దయచేసి వేయకండి. ఆ అంకె రక్షణను సూచించదు. వీఆర్‌సీ01 (అనేక రకాల హెచ్‌ఐవీని అడ్డుకునే యాంటీబాడీ) తరహా యాంటీబాడీలను మున్ముందు తయారుచేయగల అరుదైన బీ కణాలు మేల్కొన్నాయని మాత్రమే చెబుతుంది. వైరస్ పైతొడుగు ప్రోటీన్‌ను ఉన్నదున్నట్లు ఇస్తే ఆ తొలిదశ కణాలు దాన్ని పట్టుకోలేవు కనుక, ఆ ప్రోటీన్‌లో సీడీ4 (వైరస్ పట్టుకునే మన కణాల గ్రాహకం) అతుక్కునే చోటును ప్రత్యేకంగా మలచి, 60 ప్రతులుగా ఒక నానోకణంపై పొదిగి, 8 వారాల తేడాతో రెండు మోతాదులు ఇచ్చారు. నన్ను ఎప్పుడూ అబ్బురపరిచేది ఈ మలచడమే. అయితే మేల్కొన్న కణం అనేక ఉత్పరివర్తనలు పొంది, పైతొడుగు ప్రోటీన్‌లో 276వ స్థానంలో కాపలా కాసే చక్కెర గొలుసును తప్పించుకోవడం నేర్చుకోవాలి; అందుకు అసలు వైరస్ రూపానికి అంచెలంచెలుగా దగ్గరయ్యే బూస్టర్లు అవసరం. కాబట్టి ఆ గడికి ‘తొలి మెట్టు స్పందన’ అని పేరు పెట్టండి.