పెద్దలకు ఇంగ్లిష్ నేర్పే శిక్షణ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఎం.ఏ. ఇంగ్లిష్ చేశాను. పెద్దవాళ్లకు ఇంగ్లిష్ నేర్పే పని చేయాలని ఉంది. ఇంటర్నెట్‌లో రెండు మూడు వేలకే 120 గంటల టెఫ్ల్ (పరభాషగా ఇంగ్లిష్ నేర్పే శిక్షణ) సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు. సెల్టాకి మాత్రం లక్ష దాటుతుందట. అదీ 120 గంటలే కదా, ఎందుకంత తేడా?
*ఒక పాఠకురాలు, హన్మకొండ*

గంటల లెక్క పక్కన పెట్టండి. ఆ గంటల్లో మీరు నిజమైన విద్యార్థుల ముందు నిలబడి పాఠం చెప్పేది ఎంత, దాన్ని వెనక కూర్చుని చూసేది ఎవరు? ఈ రెండే అడగండి. చౌక కోర్సుల్లో చాలావాటికి జవాబు సున్నా. వీడియోలు చూస్తారు, నాలుగు జవాబుల్లో ఒకటి టిక్కు పెడతారు, సర్టిఫికెట్ ప్రింటు తీసుకుంటారు. వాటితో గ్రామర్ కాస్త పదునెక్కుతుంది, కాదనం. కానీ మీరు పాఠం చెప్పగలరని దాని మీద సంతకం పెట్టినవాళ్లు మిమ్మల్ని ఒక్కసారి కూడా చూసి ఉండరు.

సెల్టా అంటే పెద్దలకు ఇంగ్లిష్ నేర్పే టీచర్లకు కేంబ్రిడ్జ్ వాళ్లిచ్చే సర్టిఫికెట్. దాని మూలం 1962లో లండన్‌లోని ఇంటర్నేషనల్ హౌస్‌లో మొదలైన టీచర్ శిక్షణలో ఉంది. ఇందులో కనీసం 6 గంటల బోధన ఉంటుంది. అదీ కనీసం రెండు స్థాయుల విద్యార్థులకు, ట్రైనర్ చూస్తుండగా చెప్పాలి. ప్రతి పాఠం తర్వాత ఏది కుదిరింది, ఏది కుదరలేదు అని రాతపూర్వకంగా ఇస్తారు. అనుభవమున్న టీచర్ల క్లాసులు మరో 6 గంటలు చూడాలి. ఒక్కోటి 750 నుంచి 1000 పదాల అసైన్‌మెంట్లు నాలుగు రాయాలి. సెంటర్ తన ఇష్టానికి పాస్ చేసేయకుండా బయటి నుంచి కేంబ్రిడ్జ్ అసెసర్ కూడా వస్తారు. ఆన్‌లైన్‌లో చేసినా జూమ్‌లో అవతల కూర్చునేది నిజమైన విద్యార్థులే. లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ల టీచర్ సర్టిఫికెట్ సెర్ట్‌టెసాల్ కూడా ఇదే తరహా. అందులో కనీసం 130 గంటలు, 6 గంటల బోధన ఉంటాయి. ట్రైనీకి అస్సలు తెలియని ఒక భాషలో నాలుగు గంటల పాఠాలు కూడా పెడతారు. మొదటిసారి ఇంగ్లిష్ క్లాసుకి వచ్చినవాడి తల ఎలా తిరుగుతుందో ట్రైనీకి అప్పుడు తెలుస్తుంది. మా దృష్టిలో మంచి ఏర్పాటు.

ఇక ఖర్చు మాట. మీ ఊళ్లోని స్పోకెన్ ఇంగ్లిష్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరడమే లక్ష్యమైతే సెల్టా అక్కర్లేదు. అక్కడ డెమో క్లాస్ అడుగుతారు, అంతే. గల్ఫ్‌లోనో వియత్నాంలోనో ఉద్యోగం చూసుకునేవాళ్లకు సెల్టా పనికొస్తుంది. అయితే గల్ఫ్ ప్రకటనల్లో చాలావాటిలో డిగ్రీ, సెల్టాతో పాటు రెండేళ్ల అనుభవం కూడా అడుగుతారని గుర్తుంచుకోండి. ఎం.ఏ. ఉంది కాబట్టి మీరు హైదరాబాద్ ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) వైపు కూడా చూడొచ్చు. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలై, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. ఇంగ్లిష్ టీచర్ల శిక్షణ దానికి పుట్టుకతో వచ్చిన పని. ఇంగ్లిష్ బోధనలో పీజీ సర్టిఫికెట్, పీజీ డిప్లొమా అయిన అక్కడి పీజీసీటీఈ, పీజీడీటీఈ కోర్సుల్లో సిద్ధాంతం పాలు ఎక్కువ. కాలేజీలో చెప్పేవాళ్లకు అది నప్పుతుంది. ఈ ఏడాది ఏది నడుస్తోందో నోటిఫికేషన్‌లో చూసుకోండి.

ఏ సెంటర్‌కైనా డబ్బు కట్టే ముందు ఇంకో మాట అడగండి: క్లాసులో కూర్చునేది బయటి నుంచి వచ్చిన నేర్చుకునేవాళ్లా, తోటి ట్రైనీలేనా? తోటి ట్రైనీలు విద్యార్థుల్లా నటించే క్లాసుల్లో అన్నీ సజావుగా సాగిపోతాయి. అర్థం కానట్టు నటించడం అంత తేలిక కాదు మరి.

బ్యాంకులో పనిచేస్తున్నాను. సెల్టాకి దరఖాస్తు చేశాను, త్వరలో ఇంటర్వ్యూ. ముందుగా ఒక రాతపని పంపారు. నాలుగు వారాల కోర్సును ఉద్యోగం చేసుకుంటూ పూర్తి చేయొచ్చా?
*ఒక పాఠకుడు, విశాఖపట్నం*

ఫుల్‌టైమ్ అయితే వద్దు. రోజులో సగం ట్రైనర్ల క్లాసులు, సగం బోధన, ఫీడ్‌బ్యాక్. రాత్రి మర్నాటి లెసన్ ప్లాన్. వారాంతంలో అసైన్‌మెంట్లు. సెలవు దొరక్కపోతే నెలల తరబడి సాగే పార్ట్‌టైమ్ బ్యాచ్ చూసుకోండి.

రాతపనిలో సాధారణంగా రెండు వాక్యాలిచ్చి తేడా చెప్పమంటారు. 'ఐ లివ్డ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్', 'ఐ హావ్ లివ్డ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్' లాంటివి. ఒకటి సింపుల్ పాస్ట్, రెండోది ప్రెజెంట్ పర్ఫెక్ట్ అని రాసి మనవాళ్లు చేతులు దులుపుకుంటారు. వాళ్లడిగేది పేరు కాదు, అర్థం. మొదటి వాక్యంలో ఆ పదేళ్లు అయిపోయాయి. రెండోదాంట్లో మనిషి ఇంకా ఇక్కడే ఉన్నాడు. అది మామూలు మాటల్లో చెప్పి, ఆపైన ఇది గ్రామర్ రాని మనిషికి ఎలా అర్థమయ్యేలా చేస్తారో ఒక ముక్క రాయండి. బోర్డు మీద ఒక గీత గీసి, 'ఇప్పుడు' అని ఒక చోట గుర్తు పెట్టి, పదేళ్ల పట్టీ ఆ గుర్తు దాకా వచ్చిందా, ముందే ఆగిందా చూపిస్తే చాలు.

మీ సొంత ఇంగ్లిష్‌ను కూడా ఆ కాగితంలోనే తూకం వేస్తారు. 'డిస్కస్ అబౌట్', 'రిటర్న్ బ్యాక్', 'ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్', 'ఎస్టర్‌డే ఐ హావ్ సీన్', 'టెల్ మీ వేర్ ఈజ్ హీ' లాంటి తప్పులు. ఆఫీసులో ఇవి అందరమూ అనేస్తాం, ఎవరూ పట్టించుకోరు. అక్కడ పట్టించుకుంటారు, ఎందుకంటే రేపు మీరు సరిదిద్దాల్సినవి ఇవే.

శిక్షణలో ఉన్నాను. మూడు పాఠాలు చెప్పాను. మూడింటికీ ఒకటే ఫీడ్‌బ్యాక్: మీరు మాట్లాడేది ఎక్కువ, అర్థమైందో లేదో చూడటం లేదు, చివరి ప్రాక్టీసు జరగలేదు. ప్రతి పది నిమిషాలకూ 'అండర్‌స్టాండ్?' అని అడుగుతూనే ఉన్నానే!
*ఒక పాఠకురాలు, నెల్లూరు*

ఆ ప్రశ్న దగ్గరే చిక్కు. పెద్దవాళ్లు పదిమందిలో అర్థం కాలేదని చెప్పరు. 'ఎస్ మేడమ్' అంటారు, తల ఊపుతారు. కాబట్టి అర్థం కాకపోతే తప్పు జవాబు వచ్చే ప్రశ్నే అడగాలి. శిక్షణలో వీటిని సీసీక్యూలంటారు, అంటే కాన్సెప్ట్ చెకింగ్ క్వశ్చన్లు.

'ఐ యూజ్డ్ టు వర్క్ ఇన్ దుబాయ్' తీసుకోండి. మన విద్యార్థులు దీన్ని ఇప్పటి అలవాటుకి వాడేస్తారు. శనివారం శనివారం గుడికి వెళ్తుంటాను అనాల్సిన చోట 'ఐ యూజ్డ్ టు గో' అంటారు. తెలుగులో వెళ్తుంటాను వేరు, వెళ్తుండేవాణ్ణి వేరు అని వాళ్లకు తెలుసు. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి రెండూ కలిసిపోతాయి. అడగాల్సినవి ఇవి: 'డూ ఐ వర్క్ ఇన్ దుబాయ్ నౌ?' నో. 'డిడ్ ఐ వర్క్ దేర్ బిఫోర్?' ఎస్. 'వన్ డే, ఆర్ ఎ లాంగ్ టైమ్?' లాంగ్ టైమ్. మూడే ప్రశ్నలు, ఒక్కో మాటలో జవాబు. ప్రశ్నలో 'యూజ్డ్ టు' రాకూడదు. వస్తే వాళ్లు దాన్నే తిరిగి అప్పజెబుతారు. ఈ ప్రశ్నలు క్లాసులో నిలబడి అప్పటికప్పుడు తట్టవు, ముందే లెసన్ ప్లాన్‌లో రాసుకోండి.

అర్థం తేలాకే రూపం, ఆ తర్వాత ఉచ్చారణ. ప్రశ్నలో, నెగెటివ్‌లో 'డిడ్' వస్తుంది కాబట్టి 'యూజ్డ్'లో చివరి 'డి' రాతలో పోతుందని బోర్డు మీద రెండు రంగుల్లో చూపండి. పలకడం 'యూజ్‌డ్ టూ' కాదు, 'యూస్టు' అని కలిపేసి. అందరిచేతా రెండుసార్లు, విడిగా నలుగురైదుగురిచేత ఒకసారి అనిపించండి. పొడుగు వాక్యం నోరు తిరక్కపోతే చివరి నుంచి మొదలెట్టండి: 'ఇన్ దుబాయ్', 'వర్క్ ఇన్ దుబాయ్', 'యూస్టు వర్క్ ఇన్ దుబాయ్'. ముందు నుంచి కడితే చివరికొచ్చేసరికి రాగం మారిపోతుంది.

ఇక టైము. 40 నిమిషాల పాఠంలో లీడ్-ఇన్ (విషయంలోకి దించే మొదటి మాటలు) 4 నిమిషాలు, చిన్న టెక్స్ట్ 6, అర్థం-రూపం-ఉచ్చారణ 10, రాత ఎక్సర్‌సైజు, దాన్ని జంటగా సరిచూసుకోవడం కలిపి 8, సొంతంగా మాట్లాడటం 9, చివర తప్పులు దిద్దడం 3. మీకు ఏం జరిగి ఉంటుందంటే, లీడ్-ఇన్‌లో పన్నెండు మందినీ వరసగా అడిగి ఉంటారు. ఒక్కొక్కరికి నిమిషం వేసుకున్నా పన్నెండు నిమిషాలు గల్లంతు. ఒకరు మాట్లాడుతుంటే పదకొండు మంది గోడలు చూస్తుంటారు. పక్కవాళ్లతో రెండు నిమిషాలు మాట్లాడుకోమని, ఇద్దరి జవాబులు మాత్రం విని ముందుకెళ్లండి. ఆలస్యమైతే మధ్యలో ఎక్సర్‌సైజులో ఎనిమిది వాక్యాలకు నాలుగే చేయించండి. చివరి మాట్లాడే భాగాన్ని మాత్రం ముట్టుకోకండి, పాఠం అంతా దానికోసమే.

మీరెక్కువ మాట్లాడుతున్నారంటే సాధారణంగా ఇన్‌స్ట్రక్షన్లే కారణం. కాగితం చేతికిచ్చాక చెప్పడం మొదలెడితే ఎవరూ వినరు, అందరూ కాగితం చదువుతుంటారు. ముందు చెప్పండి, ఒక ఉదాహరణ మీరే చేసి చూపండి, 'రాయాలా, మాట్లాడాలా?' అని ఒక ప్రశ్న అడగండి, అప్పుడు కాగితం పంచండి. వాళ్లు మాట్లాడుతున్నప్పుడు మధ్యలో వెళ్లి దిద్దకండి. తప్పులు చెవిన వేసుకుని రాసుకోండి. చివర పేర్లు చెప్పకుండా మూడు నాలుగు బోర్డు మీద రాసి వాళ్లచేతే దిద్దించండి.

ఇంకా మూడు పాఠాలే అయ్యాయి కాబట్టి కంగారు పడాల్సిందేమీ లేదు. అయితే అదే మాట తర్వాతి పాఠాల ఫీడ్‌బ్యాక్‌లోనూ కనబడితే ట్రైనర్లు ఊరుకోరు. మొదట్లో తప్పు చేయడం మామూలే, చెప్పినా మారకపోవడమే మార్కు తీసేది. తర్వాతి లెసన్ ప్లాన్ పైన ఆ మూడు మాటల్లో ఒక్కదాన్నే పెద్దక్షరాలతో రాసుకుని, ఆ పాఠంలో దాని సంగతే చూడండి.

బీఎడ్ చేసి డీఎస్సీ కోసం చూస్తున్నాను. సెల్టా చేస్తే టీచర్ పోస్టుకి పనికొస్తుందా?
*ఒక పాఠకుడు, గుంటూరు*

రాదు. ప్రభుత్వ బడికి బీఎడ్, టెట్ కావాలి. వాటి బదులు సెల్టా చెల్లదు. అది పిల్లల బడికి చేసిన శిక్షణ కూడా కాదు. ఆ డబ్బు దాచుకోండి.

నాకు 54 ఏళ్లు. తెలుగు యాస ఉంది. నన్ను సెల్టాలో చేర్చుకుంటారా?
*ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం*

కనీస వయసు 18. గరిష్ఠం లేదు. యాస ఉంటే తప్పేం లేదు, ఎదుటివాళ్లకు స్పష్టంగా వినబడాలి. పని పడేది కొన్ని చోట్లే: 'ఎగ్'ని 'యెగ్' అనడం, 'జీరో'లో మొదటి ధ్వని, 'వి', 'డబ్ల్యూ' తేడా, ఏ అక్షరం మీద ఒత్తు పెట్టాలన్నది. ఇంటర్వ్యూకి ముందు మీ గొంతు ఫోన్‌లో రికార్డు చేసుకుని ఈ నాలుగూ వినండి.

మా ఊళ్లో సాయంత్రం పూట పదిహేను మందికి ఇంగ్లిష్ చెబుతున్నాను. గల్ఫ్ వెళ్లే డ్రైవర్లు, కొందరు ఆడవాళ్లు. తెలుగు చదువుతారు, ఇంగ్లిష్ అక్షరాలు రావు. శిక్షణకి వెళ్లే స్తోమత లేదు. ఏబీసీడీలతో మొదలెట్టాను, మూడో వారానికి సగం మంది మానేశారు.
*ఒక పాఠకుడు, జగిత్యాల జిల్లా*

మానేయరా మరి! రోజంతా పనిచేసి వచ్చినవాళ్లు మూడు వారాలు కూర్చుని ఏ రోజూ ఒక్క మాట ఇంటికి తీసుకెళ్లలేదు. మొదటి రోజే నోటికి పనికొచ్చేది ఇవ్వండి: పేరు, ఊరు, ఫోన్ నంబరు చెప్పడం, 'స్లోలీ ప్లీజ్', 'సే అగైన్ ప్లీజ్'. డ్రైవర్లకు లెఫ్ట్, రైట్, స్ట్రెయిట్, 'స్టాప్ హియర్?'. అక్షరాలు రోజుకు పది నిమిషాలకు మించొద్దు. ముందు పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలే, ఎందుకంటే ఫారాల మీద, బోర్డుల మీద ఎక్కువగా ఉండేవి అవే. వరసగా కాకుండా వాళ్ల పేరులోని అక్షరాలతో మొదలెట్టండి. 'నేమ్', 'డేట్', 'సిగ్నేచర్' అన్న గళ్లున్న ఒక ఉత్తుత్తి ఫారం రోజూ నింపించండి.

ఇంగ్లిష్ మాటల్ని తెలుగు లిపిలో రాసుకుంటామంటే రాసుకోనివ్వండి. కానీ పలికించేటప్పుడు పుస్తకం మూయించండి, లేదంటే 'బుక్కు', 'బస్సు' అని చివర అచ్చు చేరిపోతుంది. అర్థం చెప్పడానికి తెలుగు వాడటం తప్పు కాదు. సెల్టా క్లాసుల్లో తరచూ ఒక్కొక్కరిది ఒక్కో భాష, అందుకే అక్కడ అంతా ఇంగ్లిష్‌లోనే. మీ దగ్గర అందరిదీ ఒకే భాష. పది సెకన్లలో తెలుగులో తేలిపోయేదాన్ని ఐదు నిమిషాలు అభినయించడం దండగ. అర్థం తెలుగులో, సాధన ఇంగ్లిష్‌లో.

పెద్దాయనను బోర్డు దగ్గరకు పిలిచి రాయించకండి, మర్నాడు రాడు. గారు అనే పిలవండి. అత్తాకోడళ్లు ఒకే క్లాసులో ఉంటే జంటగా కూర్చోబెట్టకండి, ఇద్దరూ నోరు విప్పరు. మానేసినవాళ్ల ఇళ్లకు వెళ్లేటప్పుడు ఏబీసీడీ పుస్తకం తీసుకెళ్లకండి. వచ్చే వారం 'ఎయిర్‌పోర్టులో అడిగే ఐదు ప్రశ్నలు' చెబుతున్నామని చెప్పండి: వేర్ ఆర్ యూ గోయింగ్, హౌ లాంగ్, హూ ఈజ్ యువర్ స్పాన్సర్, వాట్ వర్క్, షో మీ యువర్ వీసా. అధికారిగా ఒకరు, ప్రయాణికుడిగా ఒకరు, రెండు నిమిషాలకోసారి జంటలు మార్చండి. ఇంకా శిక్షణ కావాలనిపిస్తే మండలంలో ఇలాగే చెప్పే మరొకరిని వెతుక్కుని, నెలకోసారి ఒకరి క్లాసు ఒకరు చూడండి. చూసేవాళ్లు రాయాల్సింది ఒక్కటే: టీచర్ ఎన్ని నిమిషాలు మాట్లాడారు, విద్యార్థులు ఎన్ని నిమిషాలు మాట్లాడారు.