వృద్ధుల కండబలంపై జన్యు పరిశోధన: బీఎస్సీ తరువాత ఏ దారి?

ప్రశ్న: మా అమ్మాయి నల్గొండలో బీఎస్సీ బయోటెక్నాలజీ చివరి సంవత్సరం చదువుతోంది. మా నాయనమ్మ తొంభై దాటాక కూడా తన పనులు తానే చేసుకునేది. మా నాన్న డెబ్బైకే చెయ్యి పట్టుకుంటే తప్ప కుర్చీలోంచి లేవలేకపోతున్నారు. ఈ తేడా జన్యువులదేనని, దానిమీదే పరిశోధన చేస్తానని అమ్మాయి పట్టుబడుతోంది. ఈ చదువుకు బతుకుదెరువు ఉంటుందా?
– ఒక తండ్రి, మునుగోడు

జవాబు: మీ అమ్మాయి ఎంచుకున్న విషయం గట్టిదే. వయసుతోపాటు కండ, దాని బలం తగ్గిపోవడాన్ని వైద్యులు సార్కోపీనియా అంటారు. అయితే నాయనమ్మకూ నాన్నగారికీ ఉన్న తేడానంతా జన్యువులకే కట్టబెట్టడం తొందరపాటు. డెన్మార్క్ కవలలపై 1996లో వెలువడిన అధ్యయనం ఆయుర్దాయంలోని తేడాల్లో వారసత్వం వాటా దాదాపు పావు వంతేనని అంచనా వేసింది. హవాయిలోని జపాన్ సంతతి పురుషులలో దీర్ఘాయువుతో ఫాక్సో3 జన్యువుకు సంబంధం ఉందని 2008లో తేలింది కానీ, అదొక్కటే ఎవరినీ వందేళ్లు బతికించదు. వేగంగా పనిచేసే కండర తంతువులలో ఉండే ఆల్ఫా యాక్టినిన్-3 అనే ప్రోటీన్ ప్రపంచంలో దాదాపు ఆరుగురిలో ఒకరికి అసలే తయారు కాదు. అయినా వారు రోగులు కారు, వృద్ధాప్యంలో దాని ప్రభావంపై జరిగిన అధ్యయనాల ఫలితాలు కూడా ఒకే తీరుగా లేవు.

పైగా మీది మునుగోడు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి వెన్ను, కీళ్లు బిగుసుకుపోయిన పెద్దలను మీ ప్రాంతంలో చూడని వారుండరు. ఆ ఇబ్బందిని కండర జన్యువు ఖాతాలో రాసుకునే పరిశోధకురాలి లెక్క మొదట్లోనే తప్పుతుంది. నీరు, తిండి, చేసిన పని, చక్కెర వ్యాధి వంటివన్నీ వేరుచేశాక మిగిలే చిన్న తేడాను వేలమందిలో పట్టుకోవడమే ఈ రంగంలో అసలు పని, దానికి జీవశాస్త్రం ఎంత కావాలో గణాంక శాస్త్రమూ అంతే కావాలి. మన విద్యార్థులు ఎక్కువగా వెనుకబడేది ఇక్కడే. కనుక లెక్కలకు వాడే ఆర్, పైథాన్ అనే కంప్యూటర్ భాషలు ఈ ఏడాదే మొదలుపెట్టించండి.

అవకాశం మాత్రం నిజంగానే ఉంది. ఇటువంటి పరిశోధనలో అధికభాగం ఐరోపా సంతతివారిపైనే జరిగింది. మన దేశంలో 2020లో మొదలైన జీనోమ్ ఇండియా పదివేల మంది జన్యుక్రమాలను సేకరించింది. 45 ఏళ్లు దాటినవారిపై జరిగిన లాసీ సర్వే పిడికిలి పట్టు బలాన్ని కూడా కొలిచింది. ఇటువంటి సమాచారాన్ని చదవగలిగినవారు కావాలి.

ఉస్మానియాలో ఎం.ఎస్సీ. జెనెటిక్స్‌ (జన్యుశాస్త్రం)కు సీపీగెట్ ప్రవేశ పరీక్ష రాయించండి. తరువాత సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) సాధిస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలతోపాటు ఇంటి అద్దె భత్యం వస్తుంది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ వంటి సంస్థలలో పీహెచ్‌డీకి ప్రయత్నించవచ్చు. పీహెచ్‌డీ పూర్తికావడానికి సాధారణంగా ఐదేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. అంతకాలం ఇల్లు ఆగలేదంటే, ఎం.ఎస్సీ. తరువాత జన్యు పరీక్షల ప్రయోగశాలలలో, బయోఇన్ఫర్మాటిక్స్‌లో (జీవ సమాచారాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించే రంగం) ఉద్యోగాలు చూసుకోవచ్చు. తొలి జీతం మాత్రం సాఫ్ట్‌వేర్‌తో పోల్చదగ్గది కాదు.

ఫీజు కట్టే ముందు మరో పని చేయించండి. చేతులు ఛాతీపై కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి పన్నెండు సెకన్లు లేదా అంతకుమించి పడితే ఆసియా నిపుణులు 2019లో నిర్ణయించిన ప్రమాణం ప్రకారం కండర పనితీరు తగ్గినట్టే. నాన్నగారు లేవలేకపోతున్నారు కనుక ఆయనను వదిలి, కాస్త నడవగలిగిన ఇరుగుపొరుగు పెద్దలను అడిగి, పక్కన మనిషిని నిలబెట్టి మరీ అమ్మాయిని కొలవమనండి. ఆమెకు ఆ పెద్దలతో కూర్చోవడమే నచ్చితే ఫిజియోథెరపీ గురించి కూడా ఆలోచించాలి; రాసుకున్న అంకెలే నచ్చితే జెనెటిక్స్‌లో చేర్పించండి. నాన్నగారిని మాత్రం ఆలస్యం చేయక వైద్యుడికి చూపించండి.